ఓడముద్దలో ఉప్పు

నిన్న న్యూ మార్కెట్ నుంచి తెచ్చిన, పొగబెట్టిన బాండెల్ చీజ్ బిళ్లలు రాత్రంతా నీళ్లలో నానాయి. పొద్దున్నే గిన్నె మీద మూత తీయగానే వంటిల్లంతా పొగ వాసన కమ్ముకుంది. కట్టెల పొయ్యి మీద పాలు పొంగి నిప్పుల్లో పడితే వస్తుందే, కాస్త మాడుగా, కాస్త కమ్మగా, అలాంటి వాసన. ముందు గదిలో పేపరు చదువుకుంటున్న మా ఆయన అక్కడినుంచే, "ఏటే, గురువులు మావ వచ్చినాడేటి?" అన్నాడు. గురువులు మామ పోయి చాలా ఏళ్లయింది. అయినా ఈ వాసన వచ్చినప్పుడల్లా మా ఇంట్లో ఆ మాట అనుకోవడం అలవాటైపోయింది. పొయ్యి మీద బంగాళాదుంపలు ఉడుకుతున్నాయి. అవి ఉడికేలోగా ఆయన గురించి నాలుగు మాటలు రాసుకుందామని కూర్చున్నాను. ఆయన్ని చూడనివాళ్లకి ఆయన ఎలాంటివాడో చెప్పాలంటే ఓడముద్ద దగ్గరే మొదలుపెట్టాలి.

నేను పెళ్లయి శ్రీకాకుళం నుంచి కలకత్తా వచ్చేసరికి నాకు ఇరవై ఏళ్లు. మా ఆయన సింహాచలం ఖిదిర్‌పూర్ రేవులో క్రేన్ నడిపేవాడు. రేవు పనివాళ్ల క్వార్టర్లలో మాది రెండో అంతస్తు. పొడుగాటి వరండా, దాని మీదికి తెరుచుకునే ఎనిమిది గుమ్మాలు, చివర అందరికీ కలిపి ఒకటే కుళాయి. ఎనిమిదింట్లో ఆరు గుమ్మాలు మా వైపు వాళ్లవే కాబట్టి ఊరు విడిచి వచ్చానన్న బెంగ నాకు పెద్దగా లేదు. వరండాలో నిలబడితే ఓడల పొగగొట్టాలు, రేవు గేటు మీద ఎర్ర జెండాలు కనిపించేవి. కరెంటు ఎప్పుడు పోతుందో అని ఎవరూ చూసేవారు కాదు, ఎప్పుడు వస్తుందా అని చూసేవారు. నాకు ఇంటర్మీడియట్ పాసైన సర్టిఫికెట్ ఉంది గానీ వంట రాదు. చదువుకునే పిల్లని పొయ్యి దగ్గరికి రానివ్వకూడదని మా అమ్మ పంతం. అత్తగారు లేరు. అన్నం ముద్దయిపోయినా, పప్పు పలుకుగా ఉన్నా మా ఆయన ఏమీ అనకుండా తినేవాడు. అదే నాకు మరీ తలవంపులుగా ఉండేది.

గురువులు మామది మా పక్క గుమ్మం. పొట్టి మనిషి, చేతులు మాత్రం ఒంటికి మించినంత పెద్దవి. ముప్పై ఏళ్లు సరుకు ఓడల మీద వంటవాడిగా తిరిగాడు. నేను వచ్చేసరికి ఓడ దిగి ఏడాదిన్నర అయింది. ఎందుకు దిగావని ఎవరైనా అడిగితే, "కాళ్లు లాగేత్తన్నాయి, అందుకే దిగీసినాను" అనేవాడు. ఆ కాళ్లతోనే రెండు అంతస్తులు కిరసనాయిలు డబ్బా మోసుకుని గబగబా ఎక్కివచ్చేవాడు. నాకు అప్పుడే అనుమానం రావలసింది, రాలేదు.

నలభై మందికి వండిపెట్టిన ఆ మనిషికి సొంత ఇంట్లో పొయ్యి ముట్టుకునే యోగం లేదు. ఆయన భార్య సూరమ్మత్త వంటిల్లు ఆవిడ రాజ్యం. ఆయన గరిటె పట్టుకుంటే చాలు, వరండా అంతా వినబడేలా, "మొగోడు పొయ్యికాడ కూకుంటే ఈ ఇంటి ఆడదానికి ఏటి రోగమొచ్చిందో అనుకుంతారు, ఎల్లి బయట కూకోండి" అని తరిమేసేది. అందుకని ఆయన ఒక ముక్కాలిపీట వేసుకుని రోజంతా వరండాలో కూర్చునేవాడు. ఎనిమిది వంటిళ్ల వాసనలూ పీలుస్తూ ఎవరింట్లో ఏం మాడుతోందో చెప్పేవాడు. మాడేది ఎక్కువగా మా ఇంట్లోనే కాబట్టి మా పరిచయం తొందరగానే కుదిరింది. నా పేరు పైడి అయినా, ఇంట్లో ఆడపిల్లని పిలిచినట్టు నన్ను గుంటా అనే పిలిచేవాడు.

ఒక ఆదివారం పొద్దున్న మా ఆయన క్లబ్బులో క్యారమ్స్ ఆడటానికి పోయాడు. నేను కూరకని బంగాళాదుంపలు పొయ్యి మీద పడేసి బట్టలు ఆరేస్తున్నాను. వరండాలోంచి మామ గొంతు వినిపించింది. "గుంటా, దుంపలకి నీళ్లింకిపోనాయి. దింపీ." పరుగున వెళ్లి చూస్తే నిజమే, గిన్నె అడుగు ఎర్రబడుతోంది. దింపి బయటికి వచ్చి, "సూడకుండా నీకెలగ తెలిసింది మావా?" అన్నాను. "ముక్కుంది కదేటి" అన్నాడు. తర్వాత కాసేపు ఆలోచించి, "మాడిన ముక్క తీసీసి మిగతాది పారీయకు. నాను సెప్పినట్టు సెయ్యి" అని తన పీట తెచ్చి మా గుమ్మంలో వేసుకున్నాడు. లోపలికి అడుగుపెట్టలేదు. ఆ రోజు నుంచి ప్రతి ఆదివారం ఆయన గుమ్మంలో, నేను పొయ్యి దగ్గర. చెప్పేది ఆయన, చేసేది నేను.

ఓడల మీద ఆఫీసర్లకి చేసిపెట్టే దుంపల ముద్ద అది. దాని ఇంగ్లీషు పేరు ఆయన ఒకసారి చెప్పాడు గానీ మా వరండాలో అందరూ ఓడముద్ద అనేవారు. అది ఎంత తేలికో అంత పేచీ వంట. దుంపల్లో చంద్రముఖి అనే రకమే కావాలి. తొక్కతోనే ఉడకబెట్టాలి. చేతులు కాలుతున్నా వేడిమీదే తొక్క తీయాలి. తీసిన దుంపల్ని మళ్లీ ఖాళీ గిన్నెలో వేసి సన్నటి సెగ మీద అటూ ఇటూ కదిపితే వాటిలో మిగిలిన తడి ఆవిరైపోతుంది. ఆ తర్వాత జల్లెడ బోర్లించి దాని మీద రుద్దాలి. నేను పప్పుగుత్తి తీసుకుని దంచబోతే ఆయన పీట మీద నుంచి లేచినంత పని చేశాడు. "దంచకు గుంటా, జిగురొచ్చీసి అట్టలకి రాసుకునీ బంకైపోద్ది. దుంపని ఒత్తాలి గానీ కొట్టకూడదు." ముందు వెన్న, తర్వాత వేడి పాలు, అవీ కొద్దికొద్దిగా. చివర్న ఆయన టిఫిన్ డబ్బా మూత తీసి మెత్తటి తెల్లటి చీజ్ నా చేతికి ఇచ్చేవాడు. అది వేసి కలిపితే ముద్ద మీగడలా జారేది, ఆ పొగ వాసన దాన్ని పట్టుకునేది. ఉప్పు మాత్రం అన్నిటికంటే ఆఖర్న.

ఆ ఉప్పు దగ్గర ఆయనది ఒక పద్ధతి. ఓడ మీద నుంచి తెచ్చుకున్న పెద్ద చెంచా ఒకటి ఆయన జేబులో ఉండేది. కాడ కాస్త వంగిపోయింది. ఉప్పు కొంచెం వేయించి, ఆ చెంచా నాకిచ్చి, "నోరు సూడు" అనేవాడు. నేను రుచి చూసేదాన్ని. "ఎలగుంది?" "కొంచెం తక్కువున్నాది మావా." "ఎంత తక్కువ? సిటికెడా, అర సిటికెడా?" అలా రెండు మూడుసార్లు అడిగి, నేను సరిపోయిందని గట్టిగా చెప్పేదాకా వదిలేవాడు కాదు. తను మాత్రం ఒక్కసారీ చూసేవాడు కాదు. నాకు పరీక్ష పెడుతున్నాడనుకున్నాను. మా లెక్కల మాస్టారు కూడా అంతే, జవాబు తనకి తెలిసి మా నోట చెప్పించేవారు. మొదట్లో నోటికి వచ్చింది చెప్పేసేదాన్ని. తర్వాత తర్వాత కళ్లు మూసుకుని, నాలుక మీద ముద్ద నిలిపి, నిజంగా ఏం తెలుస్తోందో చూసి చెప్పడం మొదలుపెట్టాను. నా జీవితంలో నన్ను ఒక మాట అడిగి, నేను చెప్పిందాన్ని అంత శ్రద్ధగా విని, అలాగే చేసిన మొదటి మనిషి ఆయనే. ఇది నేను ఆయన బతికుండగా చెప్పలేదు. ఇప్పుడు చెప్తున్నాను.

సూరమ్మత్తకి ఇదంతా కంటగింపుగానే ఉండేది. మా గుమ్మం ముందు నుంచి బిందె పట్టుకుని వెళ్తూ ముక్కు మూసుకునేది. "కుళ్లిపోయిన పాలు. ఆ కంపు తింతన్నారు తండ్రీ కూతుళ్లు" అనేది. పిల్లలు లేని మనిషి, ఆ తండ్రీ కూతుళ్లు అన్న మాట మాత్రం ఎందుకో ప్రతిసారీ అనేది. ఆవిడ వంట మహా బాగుండేది. అయితే ఆవిడ పద్ధతి మామ పద్ధతికి పూర్తిగా ఎదురు. వండేటప్పుడు ఎప్పుడూ రుచి చూసేది కాదు. నలుగురికి పెట్టే కూడు ముందుగా నోట పెట్టుకుంటే ఎంగిలి అని ఆవిడ అత్తగారు నేర్పిందట. పిడికిట్లో ఉప్పు తీసి, వేళ్ల సందుల్లోంచి రాల్చి, చెయ్యి దులుపుకుంటే చాలు, సరిగ్గా ఉండేది. భర్త చేత్తో చేసిన వంట మాత్రం పెళ్లయిన ఇన్నేళ్లలో ఆవిడ ఒక్క మెతుకు నోట పెట్టలేదు.

ఒక ఆదివారం ముద్ద తింటూ మామ ఆ మాటే అన్నాడు. మా ఆయన ఏదో వేళాకోళంగా, "మావా, నీ వంట తినని నోరు ఈ కలకత్తా రేవులో అత్తదొక్కటే" అన్నాడు. మామ నవ్వలేదు. పళ్లెంలో ముద్దని చెంచాతో సర్దుతూ, "గ్రీసోడు తిన్నాడు, జపానోడు తిన్నాడు. మా ఇంటిది ఒక్క సెంచా నోట ఎట్టుకుని బాగుందనో బాగోనేదనో అంతే సాలు. ఇంకేటీ అక్కర్నేదు నాకు" అన్నాడు. అంత పెద్ద చేతులున్న మనిషి అంత చిన్న కోరిక కోరడం చూసి నాకు జాలేసింది. ఎలాగైనా సూరమ్మత్త చేత ఓడముద్ద తినిపించాలని ఆ రోజే మనసులో అనుకున్నాను. నాది మొదటినుంచీ కుదురుగా కూర్చోలేని బుద్ధి.

ఆ వానాకాలంలో బంద్ వచ్చింది. ఆ రోజుల్లో బంద్ అంటే బంద్. బస్సు తిరగదు, బజారు తెరవదు, చేపల గంప వీధిలోకి రాదు. ముందురోజే తెలిసింది గనక అందరి ఇళ్లలోనూ బంగాళాదుంపలు నిలవున్నాయి, ఇంకేమీ లేవు. నాకు ఉపాయం తట్టింది. ఎనిమిది గుమ్మాల దుంపలూ కలిపి వరండాలో ఓడముద్ద చేస్తాను, అందరూ కలిసి తింటారు, అందరూ తింటుంటే అత్త ఒక్కతే ముడుచుకుని కూర్చోలేదు. మామతో, "రేపు నువ్వు సెప్పొద్దు, సెయ్యొద్దు. కూకుని తిను" అన్నాను. ఆయన మురిసిపోయాడు. ఆ సాయంత్రం మా ఆయన్ని లాక్కుని ట్రాములో న్యూ మార్కెట్‌కి వెళ్లి చీజ్ బిళ్లలు బోలెడు కొన్నాను. కొట్టతను పొట్లం కడుతూ ఏదో చెప్పబోయాడు. వచ్చి ఏడాది కాలేదు, నా బెంగాలీ అంతంతమాత్రం. అన్నీ తెలిసినదానిలా తల ఊపేసి వచ్చేశాను.

ఆ బిళ్లలు రాయిలా గట్టిగా ఉన్నాయి. మామ డబ్బాలో ఉండేవీ ఇవే అనుకున్నాను గానీ అవి ఎందుకు మెత్తగా ఉండేవో ఆలోచించలేదు. వాటిని రాత్రంతా నీళ్లలో నానబెట్టి, ఆ నీళ్లు పారబోస్తేనే వాటిలో ఉప్పు దిగుతుంది. సూరమ్మత్త వంటింట్లోకి చీజ్ రానివ్వదు గనక మామ శనివారం రాత్రి తన గడ్డం గీసుకునే మగ్గులో వాటిని వేసి, వరండాలో నీళ్ల డ్రమ్ము వెనక దాచేవాడు. ఆ ఒక్క పనీ నా కళ్లముందు ఎప్పుడూ జరగలేదు. నేను ఎండు బిళ్లల్నే కొబ్బరి కోరాముతో తురిమేశాను. ఆదివారాల్లో వేసే ఉప్పు లెక్క గుర్తుంది, దుంపలు ఇన్ని రెట్లు కదా అని ఉప్పూ అన్ని రెట్లు వేశాను.

అయినా చివర్లో బతికి బయటపడేదాన్నే. పీట మీద పెళ్లికొడుకులా కూర్చున్న మామ, "గుంటా, నోరు సూసినావా?" అని కేకేశాడు. నేను చెంచా ఎత్తాను. నా పక్కనే నిలబడి అజమాయిషీ చేస్తున్న సూరమ్మత్త నా చెయ్యి పట్టుకుంది. "ఇంతమంది తినీ కూడు ఎంగిలి సేత్తావేటి? దించు." ఆవిడ మా వంట దగ్గరికి రావడమే గొప్ప. ఆవిడ మాట కాదంటే వెళ్లిపోతుందేమోనని భయపడి చెంచా దించేశాను.

వరండా పొడుగునా పళ్లేలు వేశారు. ముందు మగవాళ్లు, పిల్లలు. మొదటి ముద్ద నోట్లో పెట్టుకున్న మా ఆయన నా వైపు ఒక చూపు చూసి తల దించుకున్నాడు. చివరి గుమ్మంలో ఉండే బెంగాలీ వదిన, మినతి బౌది ఎంతో మర్యాదస్తురాలు, ఆవిడ కూడా గ్లాసు అందుకుని, "నూన్‌టా ఏక్‌టు బేశీ" అని మెల్లిగా అంది. ఉప్పు కొంచెం ఎక్కువట. కొంచెమా? నేను వేలితో తీసి నాలుకకి రాసుకుంటే ఏడుపొచ్చింది. సముద్రం తెచ్చి పళ్లెంలో పోసినట్టుంది. నా తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

అప్పుడు మామ వైపు చూశాను. ఆయన తింటున్నాడు. పెద్ద చెంచాతో, తృప్తిగా, ఆగకుండా. పళ్లెం సగం ఖాళీ చేసి తలెత్తి, "కుదిరీసింది గుంటా. ఉప్పు సరిగ్గ సరిపోనాది. ఇంకొంచెం ఎయ్యి" అన్నాడు. తింటున్న చేతులన్నీ ఆగిపోయాయి. నా పరువు నిలబెట్టడానికి అంటున్నాడనుకున్నాను. కానీ ఆయన ముఖంలో నటన లేదు. ఎవరూ ఎందుకు తినడం లేదో తెలియక ఒక్కొక్కరి ముఖమే చూస్తూ, చేతిలో చెంచా అలాగే పట్టుకుని ఉండిపోయాడు. ఆ చూపు నాకు ఇప్పటికీ మనసులో గుచ్చుకుంటుంది.

సూరమ్మత్త కదిలింది. ఆయన పక్కన కూర్చుని, ఆయన పళ్లెంలోంచే రెండు వేళ్లతో ముద్ద తీసి నోట్లో పెట్టుకుంది. నేను కోరుకున్నది అదే, కానీ ఇలా కాదు. ఆవిడ ముఖం ముడుచుకోలేదు. నమిలింది. మింగింది. భర్త ముఖంలోకి చూసింది, చాలాసేపు చూసింది. తర్వాత మావైపు తిరిగి, ఎప్పుడూ మాట్లాడే గొంతుతోనే, "ఏటలగ సూత్తన్నారు అందరూ? ఓడల మీద కూడు ఇలగే ఉంటాది. ఆఫీసర్లు ఇలగే తింతారు. ఉప్పుగాలికి అలవాటైన నోర్లు మరి. మన నోళ్లకి పడదు, అంతే" అంది. ఓడ మొహం చూడని మనిషి, చీజ్ అంటే ముక్కు మూసుకునే మనిషి. ఆవిడ అంత గట్టిగా చెప్పేసరికి అందరూ నిజమేనన్నట్టు తలలూపారు. మామ ముఖం తేటపడింది. "అదే, ఓడల మీద ఇలగే" అన్నాడు. ఆవిడ నన్ను లోపలికి లాగి, "ఉప్పు నేకుండా ఇంకో గిన్నెడు దుంపలెయ్యి, ఇందులో కలిపీద్దాం" అని చెవిలో చెప్పింది. మరో గంటలో రెండో విడత వడ్డించాం. అది తినదగ్గదిగానే ఉంది, పిల్లలు గిన్నె నాకేశారు.

మధ్యాహ్నం మామ కునుకు తీస్తుండగా అత్త మా ఇంటికి వచ్చింది. గుమ్మంలో ఆయన పీట వేసే చోటే నేల మీద కూర్చుంది. "ఆదోరం ఆదోరం నిన్నే నోరు సూడమనీవోడా?" అంది. అవునన్నాను. "తనెప్పుడూ సూడ్డా?" చూడడన్నాను. అప్పటికి గానీ నా మట్టిబుర్రకి విషయం ఎక్కలేదు. ఆవిడ కొంగు చివర వేలికి చుట్టుకుంటూ చెప్పింది. "పెల్లైన కాణ్నుంచీ కంచం ముందు కూకుంటే ఈ మనిసి మొదటి మాట ఉప్పే. తక్కువంటాడు, ఎక్కువంటాడు. ఓడ దిగొచ్చిన కాణ్నుంచి ఒక్క మాట అన్నేదు. రెండేల్లు. నా సెయ్యి ఇన్నాల్లకి ఈ మనిసికి నచ్చీసిందని నాను పొంగిపోతన్నాను పైడీ." అంత గట్టి మనిషి అక్కడ కూర్చుని ఏడ్చింది. నాకు ఏం చెయ్యాలో తెలియక ఆవిడ చెయ్యి పట్టుకున్నాను. "నీకైనా సెప్పినాడా?" అంది. లేదు, నాకూ చెప్పలేదన్నాను. ఆ జవాబు ఆవిడకి కాస్త ఊరటనిచ్చినట్టే అనిపించింది.

తర్వాతి ఆదివారం దుంపలు ఉడకబెట్టుకుని ఎదురుచూశాను. మామ రాలేదు. పీట వరండాలో లేదు. అలిగాడేమో, సిగ్గుపడ్డాడేమో అని ప్రాణం ఉసూరుమంది. ఉండబట్టలేక పక్క గుమ్మంలోకి తొంగిచూశాను. పొయ్యి ముందు పీట మీద మామ కూర్చుని ఉన్నాడు, ఒళ్లో జల్లెడ పెట్టుకుని దుంపలు ఒత్తుతున్నాడు. ఎదురుగా సూరమ్మత్త. గడ్డం మగ్గు పొయ్యి గట్టు మీద దర్జాగా కూర్చుని ఉంది. ఆయన చెంచాతో ముద్ద తీసి ఆవిడకి చాపి, "నోరు సూడు" అన్నాడు. ఆవిడ ఒకసారి గుమ్మం వైపు చూసింది, నేను కనబడ్డాను. అయినా నోరు తెరిచింది. "ఎలగుంది?" "ఇంకో సిటికెడు ఎయ్యండి." "సిటికెడా, అర సిటికెడా?" "సెప్పినాను కదేటి, సిటికెడే." నిజం చెప్పాలంటే ఆ క్షణం నాకు సంతోషంతోపాటు కాస్త ఈర్ష్య కూడా కలిగింది. ఆ చెంచా నాదనుకున్నాను మరి.

మామ నన్ను చూసి రమ్మన్నాడు. ఆ రోజే మొత్తం చెప్పాడు. ఓడ మీద ఉండగా పెద్ద జ్వరం వచ్చిందట. జ్వరం తగ్గింది గానీ ఉప్పు తిరిగి రాలేదు. తీపి తెలుస్తుంది, కారం తెలుస్తుంది, ఉప్పొక్కటే పోయింది. "నమ్మకం కలక్క ఒకనాడు సముద్రం నీల్లు బొక్కెనతో తోడి నోట్లో పోసుకున్నాను గుంటా. మంచినీల్లలాగే ఉన్నాయి." ఆఫీసర్ల బల్ల మీద నుంచి మూడుసార్లు పళ్లేలు తిరిగొచ్చాయి. నాలుగోసారి రాకముందే తనే దిగిపోయాడు. "వంటోడికి నోరు పోనాదని ఎవుల్తో సెప్పుకోమంతావు?" అన్నాడు. సూరమ్మత్త పాలగిన్నె దింపుతూ, తల ఎత్తకుండానే, "ఇంట్లో ఇంకో నోరున్నాది కదా" అంది. ఆయన ముద్దలో ఇంకో చిటికెడు ఉప్పు వేసి, చెంచా మళ్లీ ఆవిడకే చాపాడు.

ఆ తర్వాత వాళ్లిద్దరూ చాలా ఆదివారాలు కలిసి వండుకున్నారు. మొగోడు పొయ్యికాడ కూర్చున్నాడని వరండాలో ఎవరూ ఏమీ అనుకోలేదు. అనుకున్నా, అత్త ముందు అనే ధైర్యం ఎవరికీ లేదు. మామ పోయాక ఒక ఆదివారం పక్క గుమ్మంలోంచి పొగ వాసన వచ్చింది. వెళ్లి చూస్తే అత్త ఒక్కతే దుంపలు ఒత్తుతోంది. నేను ఎదురుగా కూర్చున్నాను. ఆవిడ పిడికిట్లోంచి ఉప్పు రాల్చి, చెయ్యి దులుపుకుంది. ఆ చేతికి ఎవరి నాలుకా అవసరం లేదు, ఆ సంగతి ఇద్దరికీ తెలుసు. అయినా వంకర కాడ చెంచాతో ముద్ద తీసి నా వైపు చాపి, "నోరు సూడు గుంటా" అంది. చూసి, సరిపోయిందని చెప్పాను. అప్పుడు గానీ ఆవిడ పొయ్యి ఆపలేదు.

ఆ చెంచా ఇప్పుడు నా దగ్గరే ఉంది. నేను తర్వాత రేవు క్యాంటీన్‌లో ఎన్నో ఏళ్లు వండాను, చేతి కింద పదిమందికి నేర్పాను. చీజ్ నానబెట్టడం మర్చిపోవద్దనీ, దుంపని దంచవద్దనీ అందరికీ చెప్పాను. మామ దగ్గర నేను నేర్చుకున్నది మాత్రం అది కాదు. తెలియనప్పుడు పక్క మనిషిని అడగాలి, అడిగాక వాళ్లు చెప్పేది నమ్మాలి. ఆయన అది రెండేళ్లు ఆలస్యంగా తెలుసుకున్నాడు. నాకు ఇరవై ఏళ్లకే తెలిసేలా చేసి వెళ్లాడు.

దుంపలు ఉడికాయి, తొక్క తీశాను, ఒత్తాను, చీజ్ కలిపాను. ఉప్పు వేసి, చెంచా పట్టుకుని ముందు గదిలోకి వెళ్లి మా ఆయన ముఖం ముందు చాపాను. నలభై ఏళ్ల కిందట నా వంట ఎలా ఉన్నా ఏమీ అనకుండా తిన్న మనిషి. పేపరు పక్కన పెట్టి, కళ్లు మూసుకుని, నోట్లో ముద్ద నిలిపి చూశాడు.

"అర సిటికెడు" అన్నాడు.

నేను వెనక్కి వెళ్లి అర చిటికెడు ఉప్పు వేశాను.